వెలిగారం వేసిన ముడి

వానకారు కుదురుకున్న తరువాత పొలం గట్లమీద, కంపలను అల్లుకొని దూసరతీగ పెరుగుతుంది. ఆకు చిన్నది; మెత్తని నూగు కలది. పశువుల వెంట తిరిగే పిల్లలకు దాని రహస్యం ఒకటి తరతరాలుగా తెలుసు. గుప్పెడు ఆకు దూసి, దోసెడు నీళ్ళలో వేసి నలిపి, పిప్పిని పిండి పారవేసి, ఆ ఆకుపచ్చని పసరును చిప్పలో పోసి కదపకుండా ఉంచితే, కొంతసేపటికి అది పెరుగు తోడుకున్నట్లు పేరుకొంటుంది. చిప్పను కొంచెం వంచినా ఒలకదు. వేలితో తడితే వణుకుతుంది. పుల్లతో కోస్తే ముక్కలవుతుంది. కళ్ళ ఎదుట నీరు గట్టిపడటంలో ఏమి ఆనందం ఉన్నదో పెద్దలు చెప్పలేరు. పిల్లలు చెప్పనవసరం లేదు.

ఈనాడు పట్టణాలలోని పిల్లలు అదే ఆనందాన్ని మరొక దారిన వెతుక్కొంటున్నారు. ఆ వస్తువు పేరు స్లైమ్. దానికి తెలుగులో ఇంకా పేరు స్థిరపడలేదు. జిగటముద్ద అంటే సరిపోతుంది. తెల్లజిగురు, నీరు, చిటికెడు రంగు, ఇంత మెరుపుపొడి కలిపి, మరొక ద్రవాన్ని చెంచాతో పోసి కలియబెడితే గిన్నెలోని జిగురు ఉన్నట్టుండి ముద్దకట్టి, సాగుతూ, జారుతూ, తళుకుమంటూ చేతిలోనికి వస్తుంది. తల్లులకు అది దుప్పటికి అంటుకొనే పీడ. ఉపాధ్యాయులకు బల్లకింద దాచుకొనే దొంగసరుకు. కనిపించగానే లాగి సొరుగులో పడవేయడం రివాజు. ఆ సొరుగు మూసేముందు ఒక్క నిమిషం ఆగడం మంచిది. ఏడాది పొడుగునా నల్లబల్లమీద చెప్పినా తలకెక్కని పాఠం ఒకటి ఆ ముద్దలో ఉన్నది. పిల్లల చేతికి ఊరికే ఇవ్వకూడని సరుకు కూడా అందులో ఉన్నది. రెండూ ఎరిగినవారు దగ్గర కూర్చోవాలి.

చేసే విధానం కష్టమైనది కాదు. వడ్రంగులు చెక్కలు అతకడానికి వాడే తెల్లజిగురు అరగిన్నెడు తీసికొని, అంతే నీరు పోసి బాగా కలపాలి. పూర్వం ఈ పనికి తోళ్ళు, ఎముకలు ఉడికించి తీసిన సరేసు ఉండేది. కరిగించేటప్పుడు దాని వాసన వీధి చివరికి తెలిసేది. మన దేశంలో ఫెవికాల్ 1959లో వచ్చింది. ఆ తరువాత కొన్నేళ్ళలో సరేసు కుంపటి వడ్రంగి సాలలలో చాలా మటుకు చల్లారింది. రెండవ గిన్నెలో నూరు మిల్లీలీటర్ల వేడినీటికి చిన్నచెంచాడు, అంటే నాలుగు గ్రాముల వెలిగారం కరగనిచ్చి చల్లార్చాలి. ఈ రెండవ గిన్నె పెద్దల చేతిలోనే ఉండాలి; ఎందుకో ముందు తెలుస్తుంది. ఆ నీటిని చెంచా తరువాత చెంచాగా పోస్తూ కలుపుతూ పోతే మొదట దారాలు లేస్తాయి. పిదప గడ్డలు కడుతుంది. చివరకు ముద్ద గిన్నె అంచును విడిచిపెడుతుంది. అక్కడ ఆపాలి. ఆతురపడి ఇంకొక చెంచా పోసినవారి ముద్ద రబ్బరు ముక్కలా తెగుతుంది. రొట్టెపిండి కలిపే చేతికి ఈ హద్దు తెలిసినట్లు తూనికకు తెలియదు.

ముద్ద చేతికి రాగానే తెలివైన పిల్లవాడు ఒకడు తప్పక అడిగే ప్రశ్న ఉన్నది: “మాస్టారూ, ఇది నీళ్ళాండీ, గట్టి వస్తువాండీ?”

పాఠ్యపుస్తకం పదార్థాన్ని ఘనము, ద్రవము, వాయువు అని మూడు గదులలో పెట్టింది. ఈ ముద్ద ఏ గదిలోనూ కుదురుగా కూర్చోదు. బల్లమీద ఉంచితే మెల్లగా పరచుకొంటుంది; కనుక ద్రవం. రెండు చేతులా పట్టి తటాలున లాగితే పుటుక్కున తెగుతుంది, కనుక ఘనం. నెమ్మదిగా లాగితే బారెడు సాగి జాలుగా దిగుతుంది. మంచి ఉపాధ్యాయుడు ఇక్కడ జవాబు చెప్పడు. “నువ్వెంతసేపు ఓపిక పట్టగలవు?” అని ఎదురుప్రశ్న వేస్తాడు.

ఓపిక అన్నమాట వేళాకోళం కాదు. 1927లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో థామస్ పార్నెల్ అనే ఆచార్యుడు కాచిన నల్లకీలును ఒక గాజు గరాటులో పోసి ఉంచాడు. సుత్తితో కొడితే పగిలిపోయే వస్తువు అది. మూడేళ్ళు కుదురుకోనిచ్చి, 1930లో గరాటు కాడ మూతిని కత్తిరించాడు. మొదటి చుక్క రాలింది 1938లో. తొమ్మిదవ చుక్క రాలేసరికి 2014 వచ్చింది. పార్నెల్ అప్పటికి ఎప్పుడో కీర్తిశేషుడు. సుత్తి కన్నుతో చూస్తే కీలు రాయి. ఎనభై ఏళ్ళ కన్నుతో చూస్తే నీరు. ఆ ఎనభై ఏళ్ళ కథనే జిగటముద్ద అర నిమిషంలో ఆడి చూపుతుంది. తరగతిలో గంట మ్రోగేలోపల ఇంతకంటె పొదుపుగా ఈ విషయం చెప్పగల సాధనం లేదు.

అసలు లోపల జరిగేదేమిటి? తెల్లజిగురులో ముఖ్యమైన పదార్థం పాలీవినైల్ ఎసిటేట్. అది నీటిలో కరగదు. సన్నని బిందువులై తేలుతూ ఉంటుంది, పాలలో వెన్న ఉన్నట్లు. ఆ బిందువులు ఒకదానికొకటి అంటుకొని విరిగిపోకుండా కాపాడటానికి అందులో పాలీవినైల్ ఆల్కహాల్ అనే మరొక పదార్థాన్ని కలుపుతారు. దాని అణువు మామూలు అణువు వంటిది కాదు. ఒకే మాదిరి లంకెలు వేల కొలది వరుసగా కూర్చిన పొడుగాటి దారం. గిన్నెడు సేమ్యా ఉడికించి, నీటిలో వదిలితే పోగులు ఒకదానిమీద ఒకటి ఎలా జారుతాయో, ఈ దారాలూ అలాగే జారుతుంటాయి. అందుకే జిగురు చిక్కగా ఉన్నా పారుతుంది.

వెలిగారం నీటిలో కరిగినప్పుడు బోరేటు అయానులు పుడతాయి. ఒక్కొక్క బోరేటుకు నాలుగు చేతులున్నాయనుకోవచ్చు. రెండు చేతులతో ఒక దారాన్నీ, మిగిలిన రెండింటితో పక్క దారాన్నీ పట్టుకొంటుంది. అంటే వలలో ముడి. వేల దారాల మధ్య లక్షల ముడులు పడేసరికి విడివిడిగా జారవలసినవి ఒక వల అవుతాయి. ఆ వల కన్నులలో నీరు చిక్కుకొని ఉండిపోతుంది. ముద్దలో ఎక్కువ భాగం నీరే సుమా. అయితే జాలరి వేసిన ముడికీ దీనికీ ఒక తేడా కలదు. జాలరి ముడి వేస్తే వేసినట్లే. బోరేటు ముడి క్షణక్షణమూ విడిపోతూ, మరొక చోట పడుతూ ఉంటుంది. నెమ్మదిగా లాగితే పాత ముడి విడి కొత్త ముడి పడే వ్యవధి చిక్కుతుంది, ముద్ద సాగుతుంది. తటాలున లాగితే ఆ వ్యవధి లేదు, తెగుతుంది. పిల్లవాడి ప్రశ్నకు జవాబు ఇదే. అతడు దానిని తన చేతులతోనే తెలుసుకొన్నాడు. ఉపాధ్యాయుడు పేర్లు మాత్రం చేర్చాడు.

ఇంత పొడుగు దారాలు నిజంగా ఉన్నాయంటే పెద్ద పెద్ద రసాయనవేత్తలే చాలాకాలం నమ్మలేదు. రబ్బరు, పిండిపదార్థం వంటివి చిన్న అణువుల గుంపులు మాత్రమేనని వారి వాదం. జర్మనీలో హెర్మన్ స్టాడింగర్ 1920లో, కాదు, ఇవి వేల లంకెలు గల ఒకే అణువు అని రాశాడు. ఏళ్ళ తరబడి ఎద్దేవా సహించాడు. 1924లో అదే దేశంలో హెర్మన్, హేనెల్ అనే ఇద్దరు పాలీవినైల్ ఆల్కహాల్‌ను మొదటిసారి తయారుచేశారు. స్టాడింగర్‌కు నోబెల్ బహుమానం వచ్చింది 1953లో. అప్పటికాయన డెబ్బైరెండేళ్ళ వృద్ధు. ఆ ఎద్దేవా చేసిన పెద్దల చేతిలో ఎవరైనా ఒక జిగటముద్ద పెట్టి ఉంటే వాదం కొంత త్వరగా తెమిలేదేమో!

ఈ ముద్దతో చేయదగిన అసలు ప్రయోగం మరొకటి ఉన్నది. ఇంటింటా పిల్లలు ముద్ద చేస్తారు గాని దీనిని చేసేవారు తక్కువ. ముద్దలో కొంత భాగాన్ని గిన్నెలో వేసి దానిమీద నిమ్మచెక్క పిండి కలపాలి. పులుపు తగలగానే ముద్ద కరుగుతుంది. చెంచాకు అంటుకొంటూ మళ్ళీ జిగురై పారుతుంది. పిల్లలు అయ్యో అంటారు. అప్పుడు చిటికెడు వంటసోడా వేస్తే నురగ పొంగుతుంది. నురగ అణిగిన తరువాత మరికొంచెం వేసి కలిపితే ముద్ద తిరిగి వస్తుంది. పులుపులో బోరేటు బోరికామ్లంగా మారి చేతులు వదిలివేస్తుంది. సోడా ఆ పులుపును చంపగానే మళ్ళీ పట్టుకొంటుంది. ఆమ్లము, క్షారము అన్న రెండు మాటలు లిట్మసు కాగితం ఎరుపు నీలాలకంటె ఇక్కడ బాగా గుర్తుండిపోతాయి. తల్లులకూ ఇందులో ఒక లాభం కలదు. దుప్పటికి అంటుకొన్న ముద్దను గీకితే పోదు. నిమ్మరసమో వినిగరో పోసి కాసేపాగి ఉతికితే వదులుతుంది.

ఇక వెలిగారం సంగతి. ఇది మనకు నిన్న మొన్న తెలిసినది కాదు. సంస్కృతంలో టంకణమన్నారు. కంసాలి బంగారు అతుకు మీద వెలిగారపు నీరు రాసి ఊదుతాడు; లోహంమీది మాలిన్యం అందులో కరిగిపోయి అతుకు శుభ్రంగా పారుతుంది. పాఠశాల ప్రయోగశాలలో ప్లాటినం తీగ కొనమీద పూసగా కరిగించి, రంగును బట్టి లోహాన్ని గుర్తుపట్టే వెలిగారపు పూస పరీక్ష సైన్సు ఉపాధ్యాయులందరూ ఎరిగినదే. పూర్వం ఈ సరుకు టిబెట్టు సరస్సుల ఒడ్డునుండి, లడఖ్‌లోని పూగా లోయనుండి హిమాలయపు కనుమలు దాటి వచ్చేది. గొర్రెల వీపున చిన్న చిన్న సంచులు కట్టి తోలుకొని వచ్చేవారు. ఇప్పుడు లోకంలో బోరాన్ నిక్షేపాలు అన్నింటికంటె ఎక్కువగా తుర్కీలో ఉన్నాయి. గొర్రెలకు ఆ బరువు తప్పింది.

కంసాలి చేతిలో సాధువైన ఈ ద్రవ్యం పిల్లల చేతిలో అంత సాధువు కాదు. పొడిగా ఉన్నప్పుడు కంటికీ చర్మానికీ మంట పెడుతుంది. కడుపులోకి పోతే వాంతులు కలిగిస్తుంది. బోరేట్లు ఎక్కువ మోతాదులో శరీరంలో చేరితే సంతానశక్తికి, గర్భస్థ శిశువుకు హాని చేయగలవని ఐరోపా దేశాల రసాయన వర్గీకరణ గుర్తించింది. బొరుసులు, అతికే ముద్దలు వంటి ఆటవస్తువులనుండి వెలువడే బోరాన్ కిలోకు 300 మిల్లీగ్రాములు మించకూడదని అక్కడి నియమం. 2016 జూలైలో కెనడా ఆరోగ్యశాఖ, ఇంట్లో పిల్లల ఆటముద్దలకు బోరికామ్లం వాడవద్దని హెచ్చరించింది. కొనితెచ్చిన ముద్ద అయితే నిశ్చింత అనుకోవడం పొరపాటు. 2018లో బ్రిటన్‌లో ‘విచ్’ అనే వినియోగదారుల సంస్థ బజారు ముద్దలు పదకొండింటిని పరీక్షిస్తే ఎనిమిదింటిలో బోరాన్ హద్దు మీరి ఉన్నది. ఇంట్లో చేసుకొన్న ముద్దలో ఎంత వెలిగారం పడిందో కనీసం చేసినవారికి తెలుస్తుంది. అయినా, చేతులమీద పుండ్లూ గీతలూ ఉన్నవారు, వేళ్ళు నోట పెట్టుకొనే పసివారు దీని జోలికి రాకూడదు. ఆడిన తరువాత చేతులు సబ్బుతో కడగాలి. రోజూ గంటల తరబడి పిసుకుతూ కూర్చోవడం అసలే కూడదు. కేరంబోర్డుమీద చల్లే తెల్లపొడి చాలాచోట్ల బోరికామ్లమే. దాని డబ్బా కూడా అందని అటకమీద ఉండటం మంచిది.

వెలిగారం అక్కరలేదనుకొనేవారికి దారి లేకపోలేదు. 1976లో అమెరికాలో మాటెల్ అనే ఆటవస్తువుల కంపెనీ చిన్న చెత్తడబ్బా ఆకారపు ప్లాస్టిక్ బుడ్డిలో ఆకుపచ్చని ముద్దను పోసి స్లైమ్ అన్న పేరుతో అమ్మింది. ఈనాటి పేరు అప్పటినుండి వాడుకలో పడినదే. ఆ ముద్దకు ప్రాణం తెల్లజిగురు కాదు. గ్వార్ గింజల జిగురు. గ్వార్ అంటే మరేదో కాదు, మన గోరుచిక్కుడు. తెలుగింట కొబ్బరి వేసి కూర చేసికొనే ఆ కాయ ముదిరితే, లోపలి గింజ పొరనుండి తీసిన పొడి చెంచాడు గిన్నెడు నీటిని జావగా మార్చివేస్తుంది. లోకానికి కావలసిన గ్వార్‌లో పెద్ద భాగం మన దేశపు పంట. అందులో రాజస్థాన్‌ది అగ్రస్థానం. అమెరికా పిల్లలు ఎగబడి కొనుక్కొన్న వింతవస్తువు ఎడారి చేలలో కాచిన గోరుచిక్కుడు గింజ! దీనికీ వెలిగారం కలిపితేనే వల బిగుస్తుంది. కలపకపోయినా చల్లని జావముద్దగా పసివారు ఆడుకోవడానికి పనికివస్తుంది. నానిన సబ్జా గింజలు, కోసిన బెండకాయ, కాగితాలు అంటించడానికి వాడే విరిగిపండు బంక, ఇవన్నీ ఆ కుటుంబంలోవే. తరగతికి ఒక్కొక్కరిని ఒక్కొక్క జిగట వస్తువు తెమ్మంటే, ఆ రోజు పాఠానికి ఖర్చేమీ ఉండదు.

మిగిలినది తళుకు. పిల్లలకు ముద్దకంటె అందులోని మెరుపే ముఖ్యం. రంగు ముద్దకు, మెరుపు ముద్దకు మధ్య ఎంచుకోమంటే ఏ పిల్లా తటపటాయించదు. బజారులో దొరికే మెరుపుపొడి చాలావరకు ప్లాస్టిక్ పొరమీద అల్యూమినియం పూత పూసి, కంటికి ఆననంత సన్నగా తరిగినది. 1934 ప్రాంతంలో అమెరికాలోని న్యూజెర్సీలో ఒక యంత్రశిల్పి తరుగుడు యంత్రంతో దీని తయారీకి ఆద్యుడయ్యాడని చెబుతారు. చేతిమీద అంటుకొన్న ఆ పొడి కడిగితే పోతుంది, నిజమే. కాని ఎక్కడికి? తూములోకి, కాలువలోకి, చెరువులోకి. ప్లాస్టిక్ కనుక కుళ్ళదు. చేపకు అది మేతలా కనిపిస్తుంది. విడిగా అమ్మే ప్లాస్టిక్ మెరుపుపొడిని ఐరోపా సమాజం 2023 అక్టోబరులో నిషేధించింది.

ప్లాస్టిక్ మాని అభ్రకం వాడవచ్చు గదా అని ఆంధ్రులకు తోచడం సహజం. నెల్లూరు సీమలో గూడూరు, సైదాపురం ప్రాంతాల గనులు అభ్రకానికి పేరెన్నిక గన్నవి. ఆ ప్రాంతపు పిల్లలు దానిని కాకిబంగారమంటారు. నేలమీద దొరికిన రేకును పొరపొరగా ఒలిచి సూర్యుడి వైపు పట్టి చూస్తారు. ప్లాస్టిక్ తళుకుకు లేని చల్లని కాంతి దానిది. కాని ఈ సంగతి ఇక్కడితో ఆగదు. జార్ఖండ్, బీహారు రాష్ట్రాలలో మూతపడిన అభ్రకపు గనుల చుట్టూ చిన్నపిల్లలు తట్టలు పట్టుకొని తునకలు ఏరుతున్నారనీ, గోతులు కూలి కొందరు అందులోనే చనిపోయారనీ 2016లో వార్తాసంస్థల పరిశోధనలో బయటపడింది. ఆ తునకలే కడిగి, పొడిగొట్టి, సౌందర్యసామగ్రికీ రంగులకూ మెరుపు ఇచ్చాయి. పదేళ్ళ పిల్ల ఒకతె తన ముద్దలో చల్లుకొనే తళుకు, పదేళ్ళ పిల్ల మరొకతె ఎండలో ఏరినది కావచ్చును. బుడ్డి మీద ఆ మాట రాసి ఉండదు.

ఈ విషయం పిల్లలకు చెప్పాలా వద్దా అన్నది ఉపాధ్యాయులు ఆలోచించుకోవలసినది. ఆట మధ్యలో చెబితే రసభంగం. ఎన్నడూ చెప్పకపోతే అన్యాయం. ఎనిమిదో తరగతి పిల్లలు దీనిని మోయలేనంత చిన్నవారు కారు. వారిని అడిగితే తళుకుకు బదులేమి వేయాలో వారే వెతుకుతారు. పసుపు వేసిన ముద్ద వెలిగారపు క్షారానికి ఎరుపెక్కుతుంది. నిమ్మరసం తగిలిన చోట మళ్ళీ పసుపవుతుంది. మెరవదు గాని మారుతుంది. పూర్వం శుభకార్యాలలో పసుపుకు సున్నం కలిపి పారాణి చేసిన ఇంటి పిల్లలకు ఈ వింత చెప్పి ఒప్పించనక్కరలేదు.

ఆదివారం పొద్దుగూకే వేళకు ముద్ద వెలితిపడుతుంది. దుమ్ము అంటి నల్లబడుతుంది. మూత మరచిన డబ్బాలో ఎండి అట్ట కడుతుంది. దానిని తూములో పోయకూడదు. కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయాలి. పొలం గట్టుమీది పిల్లలకు ఆ బాధ లేదు. దూసరాకు గడ్డ మరునాటికి నీరు కారి పలచబడుతుంది. దానిని ఏ బీరపాదులోనో ఒంపి, చిప్పను కడిగి, మళ్ళీ ఆకు దూయడానికి పోతారు.